ఐదు వారాల ఫ్రెంచి ఆరంభం: తొమ్మిదో తరగతి ప్రాజెక్టు డైరీ

నేను హైదరాబాదులో ఒక సీబీఎస్‌ఈ పాఠశాలలో తొమ్మిదో తరగతికి ఫ్రెంచి చెబుతున్నాను. మా పిల్లలు ఆరో తరగతి నుంచి ఈ భాష చదువుతున్నారు కాబట్టి క్రియారూపాలు గడగడా అప్పజెప్పగలరు, ఖాళీలు పూరించగలరు, పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకోగలరు. కానీ "నిన్న రాత్రి ఏం తిన్నావు?" అని ఫ్రెంచిలో అడిగితే మాత్రం తరగతి తరగతంతా బల్లల మీద ఎవరో ఎప్పుడో చెక్కిన పేర్లను చదువుతూ కూర్చుంటుంది. 2022లో బడి తెరిచిన మొదటి వారాన్ని నేను ఈఫిల్ టవర్ బొమ్మకు రంగులు వేయించడంలోనూ, గళ్లలో దాగిన మాటలు వెతికించడంలోనూ గడిపాను. పిల్లలు సంతోషించారు, గోడ నిండింది, ఫొటోలు బాగా వచ్చాయి. జూలై నెల ముగిసేనాటికి నోరు తెరిచి రెండు వాక్యాలు చెప్పగలిగినవారు నలుగురే మిగిలారు. 2023లో ఆ పొరపాటు మళ్లీ జరగకూడదని అనుకొని, మొదటి ఐదు వారాలను ఒక ప్రాజెక్టుగా తీసుకొని, ఏ రోజు ఏం చేశానో, ఏది పారిందో, ఏది పారలేదో రాసిపెట్టుకున్నాను. ఆ రాతనే కొద్దిగా సరిచేసి ఇక్కడ ఇస్తున్నాను.

జూన్ 3, శనివారం

ఈ రోజు పిల్లలు లేని తరగతి గదిలో కూర్చొని ప్రణాళిక వేసుకున్నాను. తరగతిలో 31 మంది ఉంటారు, వారానికి నాలుగు పీరియడ్లు, పీరియడు 40 నిమిషాలు. జూన్ 29న బక్రీదు సెలవు పోగా జూలై 14 లోపల చేతికి వచ్చేవి 19 పీరియడ్లు. ఆ తర్వాత పాఠ్యపుస్తకం, యూనిట్ పరీక్ష తరుముకొస్తాయి.

ఇన్నేళ్లుగా పోగుచేసుకున్న ఆటలు, కృత్యాలు అన్నీ కలిపి పదకొండు అయ్యాయి. వాటిని వడపోయడానికి ఒకే ఒక షరతు పెట్టుకున్నాను: తెలుగులోనో హిందీలోనో ఇంగ్లీషులోనో మాట్లాడుకొని పూర్తి చేయడానికి వీలున్న కృత్యం ఏదైనా, ఎంత ముచ్చటగా ఉన్నా, దాన్ని కొట్టివేయాలి. రంగులు వేయడానికి ఫ్రెంచి అక్కరలేదు. గళ్లలో మాటలు వెతకడానికి కళ్లుంటే చాలు. క్రోసాఁ తయారీ వీడియో చూస్తే ఆకలి వేస్తుంది గాని మాట రాదు. పదకొండులో ఐదు మిగిలాయి. కొట్టివేసిన ఆరింటిలో నాకు చాలా ఇష్టమైనవి రెండు ఉన్నాయని ఒప్పుకోవాలి.

ఫ్రాన్సులో బడులు తిరిగి తెరిచే రోజును "ల రాఁత్రే" అంటారు. ఆ ఏడాది అది సెప్టెంబరు 4న వస్తుంది. ఆ మాట పిల్లలకే పరిమితం కాదు, వేసవి తర్వాత రాజకీయాలు మళ్లీ మొదలైనా, ప్రచురణకర్తలు కొత్త పుస్తకాలు తెచ్చినా అదే మాట వాడతారు. మనకేమో "బడులు తెరిచారు" అనే వాక్యం ఉంది గాని ఆ సందర్భానికంటూ ఒక పేరు లేదు. అందుకే ఈ ప్రాజెక్టు ఫైలు మీద "రాఁత్రే" అనే రాసుకున్నాను.

జూన్ 12, సోమవారం

మొదటి కృత్యం హాజరు పట్టీయే. దానికి సామగ్రి అక్కరలేదు, ఎలాగూ రోజూ చేయక తప్పని పని. పేరు పిలిచినప్పుడు అబ్బాయి "ప్రెజాఁ" అనాలి, అమ్మాయి "ప్రెజాఁత్" అనాలి. చివరి తకారం ఒక్కటే తేడా. రాతలో అబ్బాయి మాటలోనూ తకారం ఉంటుంది గాని పలకదు. అమ్మాయి మాటకు చివర ఇంకొక అక్షరం చేరేసరికి ఆ నిద్రపోతున్న తకారం లేస్తుంది. అంతటితో ఆపకుండా, రాని పిల్లల సంగతి పక్కన కూర్చొన్నవారు చెప్పాలని నియమం పెట్టాను: అబ్బాయి రాకపోతే "అప్సాఁ", అమ్మాయి రాకపోతే "అప్సాఁత్". దానితో పిల్లలు తమ గురించే కాక ఇంకొకరి గురించి కూడా ఆలోచించి మాట్లాడవలసి వచ్చింది.

పట్టీ పూర్తి కావడానికి 14 నిమిషాలు పట్టింది. ఒక అబ్బాయి కంగారులో "ప్రెజాఁత్" అన్నాడు, గది గొల్లుమంది. నవ్వు సద్దుమణిగాక, ఫ్రెంచిలో కుర్చీ, బల్ల స్త్రీలింగాలనీ, పుస్తకం, పెన్ను పుంలింగాలనీ, కాబట్టి ఈ భాషలో లింగం అనేది మనిషి స్వభావానికి కాదు, మాటకు అంటిన గుర్తనీ చెప్పాను. తెలుగులో కుర్చీకి లింగభేదం పట్టింపు లేదు. కానీ మా పిల్లలు హిందీ ఎరిగినవారు, అందులో "కుర్సీ" స్త్రీలింగమే కదా అని వాళ్లే అందుకున్నారు. ఆ వెంటనే "కితాబ్" దగ్గర బోర్లా పడ్డారు, ఎందుకంటే హిందీలో పుస్తకం స్త్రీలింగం, ఫ్రెంచిలో పుంలింగం.

రాత విషయంలో నాకు ఒక చిన్న లాభం కలిగింది. ఫ్రెంచిలో ముక్కుతో పలికే అచ్చులను తెలుగు లిపిలో చూపాలంటే నిండుసున్న పనికిరాదు. "ప్రెజాంత్" అని రాస్తే నకారం పూర్తిగా పలికేస్తారు. పాత పుస్తకాల్లో "వాఁడు", "వచ్చినాఁడు" అని కనబడే అరసున్నను బోర్డు మీద వేసి, ఇక్కడ గాలి సగం ముక్కులోకి వెళ్తుందని చూపాను. ఆ గుర్తును ఒక్కరూ ఎరగరు. తాతల కాలంలో అటకెక్కిన అరసున్న ఫ్రెంచి తరగతిలో కిందికి దిగింది. అయితే ఈ తెలుగు రాత మూడు వారాలకు మించి బోర్డు మీద ఉండకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను, ఎందుకంటే ఊతకర్రకు అలవాటు పడినవాడు దాన్ని తనంతట తాను వదలడు.

గంట కొట్టాక ఒక అమ్మాయి "మేడమ్, రేపటి నుంచి మిమ్మల్ని ఫ్రెంచిలో ఏమని పిలవాలి?" అని అడిగింది. "మేడమ్" అనేదే ఫ్రెంచి మాట అనీ, "మా దామ్", అంటే "నా దొరసాని" అనీ చెప్పాను. ఆరో తరగతి నుంచి రోజుకు ఇరవైసార్లు ఫ్రెంచి మాట్లాడుతూనే ఉన్నామని తెలిసి ఆ పిల్ల పడిన ఆశ్చర్యం చూసి తీరవలసిందే.

జూన్ 14, 15

రెండు పీరియడ్లలోనూ పట్టీ తర్వాత తరగతుల పేర్లు. ఫ్రాన్సులో మాధ్యమిక తరగతులను వెనక్కి లెక్కపెడతారు: పదకొండేళ్ల పిల్లలు ఆరోదైన "సీజియెమ్"లో చేరతారు, ఏడాదికొక అంకె దిగుతూ "త్ర్వాజియెమ్", "సెగోఁద్", "ప్రెమియెర్" దాటి చివరికి "తెర్మినాల్" చేరుకుంటారు. వయసును బట్టి మా తొమ్మిదో తరగతి అక్కడ మూడోది. "అయితే మేము మళ్లీ మూడో తరగతికి దిగిపోయామా మేడమ్?" అన్నారు. రాకెట్ ప్రయోగానికి ముందు అంకెలు తగ్గించుకుంటూ లెక్కపెట్టినట్టు అనుకోమన్నాను. పట్టీ గురువారానికి నాలుగు నిమిషాలకు వచ్చింది.

జూన్ 16, శుక్రవారం

ఈ రోజు బోల్తా పడ్డాను. "త్రూవ్ కెల్కఁ కీ" అని ఫ్రెంచి ఉపాధ్యాయులందరూ వాడే కృత్యం ఉంది. "కుక్కను పెంచేవారు ఎవరు, చెల్లెలు ఉన్నవారు ఎవరు, మామిడిపండు ఇష్టం లేనివారు ఎవరు" అని పదహారు గళ్ల కాగితం ఇస్తే, పిల్లలు గదంతా తిరిగి ఒక్కో గడిలో తగినవారి చేత సంతకం పెట్టించుకోవాలి. బయటి నుంచి చూసేవారికి ఇంతకన్నా సందడైన తరగతి ఉండదు. అటుగా వెళ్తున్న మా ప్రిన్సిపాల్ గారు తలుపు దగ్గర ఆగి చిరునవ్వు నవ్వి వెళ్లారు.

గదిలో జరిగింది మాత్రం వేరు. "నీకు కుక్క ఉంది కదరా, ఇక్కడ సంతకం పెట్టు" అని తెలుగులోనూ, "అరే, తేరే పాస్ డాగ్ హై నా?" అని హైదరాబాదీ హిందీలోనూ బేరాలు సాగాయి. నాలుగేళ్లుగా కలిసి చదువుతున్న పిల్లలకు ఎవరింట్లో ఏముందో ముందే తెలుసు, అడగవలసిన అవసరమే లేదు. పన్నెండు నిమిషాల్లో అందరి కాగితాలూ నిండాయి. నేను చెవిన వేసుకున్న ఫ్రెంచి వాక్యాలు ఆరో ఏడో. నేను పెట్టుకున్న షరతును నేనే సరిగ్గా పాటించలేదని సాయంత్రం తెలిసింది: ప్రశ్నలు ఫ్రెంచిలో అచ్చయి ఉన్నంత మాత్రాన కృత్యానికి ఫ్రెంచి అవసరమని భ్రమపడ్డాను.

శని, ఆదివారాలు కూర్చొని దాన్ని తిరగరాశాను. సొంత వివరాలకు బదులు ఒక్కొక్కరికీ ఒక కల్పిత విద్యార్థి చీటీ ఇవ్వాలి: పేరు, వయసు, ఊరు, ఇష్టమైన తిండి, తోబుట్టువుల సంఖ్య. చీటీలు బొమ్మల్లో, అంకెల్లో మాత్రమే ఉండాలి, మాటలు ఉండకూడదు. రెండేసి చీటీలు అన్నదమ్ములవో అక్కచెల్లెళ్లవో అయి ఉంటాయి. తన తోబుట్టువు గదిలో ఎక్కడున్నారో మాటల ద్వారానే కనుక్కోవాలి. ఎదుటివారి చీటీ చూసినవారు ఆటలోంచి తప్పుకుంటారు. 31 మంది కాబట్టి ఒక చీటీకి జత దొరకదు. ఆ ఒంటరి చీటీ ఎవరి దగ్గరుందో చివర్లో తరగతి అంతా కలిసి తేల్చాలి.

జూన్ 19, సోమవారం

తిరగరాసిన ఆట పారింది. పూర్తిగా అని చెప్పను. తెలుగు వినబడింది, కానీ "నీకు ఎంతమంది అన్నలు?" అన్నది ఫ్రెంచిలోనూ, "ఛీ, నువ్వు కాదు" అన్నది తెలుగులోనూ వినబడింది. విసుగు సొంత భాషలోనే వస్తుంది, దాన్ని ఆపాలని నేను అనుకోవడం లేదు. ఒంటరి చీటీ దొరికినవాడు మాత్రం ముప్పై మందినీ అడిగి ముప్పైసార్లు కాదనిపించుకొని, ఆ రోజు గదిలో అందరికన్నా ఎక్కువ ఫ్రెంచి మాట్లాడినవాడయ్యాడు. వాడు సాధారణంగా నోరు విప్పడు. వచ్చేసారి ఆ చీటీ యాదృచ్ఛికంగా కాక ఎంచి ఇస్తాను.

జూన్ 21 నుంచి 23 వరకు: ఫోను నంబర్లు

ఐదింటిలో నాకు అన్నిటికన్నా నమ్మకం ఉన్న కృత్యం ఇదే, కాబట్టి మూడు పీరియడ్లు కేటాయించాను. ఫ్రాన్సులో ఫోను నంబరుకు పది అంకెలు ఉంటాయి, వాటిని రెండేసి చొప్పున ఐదు జతలుగా చదువుతారు. మనకూ పది అంకెలే. అయితే ఫ్రెంచిలో 69 వరకు దారి సాఫీగా ఉండి, 70 దగ్గర గోతులు మొదలవుతాయి: 70ని "అరవై-పది" అంటారు, 72ను "అరవై-పన్నెండు", 80ని "నాలుగు-ఇరవైలు", 98ని "నాలుగు-ఇరవై-పద్దెనిమిది" అంటారు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి. అంటే ఫ్రాన్సు పిల్లవాడు "సున్నా ఆరు" అని హాయిగా మొదలుపెట్టే చోట నంబరు 6తో మొదలైతే తప్ప హైదరాబాదు పిల్లవాడు మొదటి జతలోనే గోతిలో అడుగు వేయవలసి వస్తుంది. ఆ సంగతి నాకు ఎంత సంతోషం కలిగించిందో చెప్పలేను.

సొంత నంబర్లు, ఇంట్లోవాళ్ల నంబర్లు వాడకూడదని గట్టిగా చెప్పి, ఒక్కొక్కరి చేత ఒక కల్పిత నంబరు రాయించాను. ఇద్దరిద్దరు వీపులు ఆనించి కూర్చోవాలి. ఒకరు చదవాలి, ఇంకొకరు రాసుకోవాలి. తర్వాత కాగితాలు పోల్చి చూసుకోవాలి. ఇక్కడ తెలుగు పనికిరాదు, చూపు పనికిరాదు, వినడం ఒక్కటే దారి. మొదటి రోజు 31 మందిలో ఏడుగురికి మాత్రమే పది అంకెలూ సరిగ్గా వచ్చాయి. బేసి పిల్లవాడికి నేనే జతయ్యాను.

రెండో రోజు ఒక గొడవ లేచింది. ఒక అమ్మాయి "కాత్ర్-వాఁ-కాఁజ్" అని 95ను సరిగ్గానే చదివింది. వింటున్న పిల్ల 80, 15 అని రెండు జతలుగా రాసుకుంది. ఇంకో జంటలో "స్వసాఁత్-దూజ్" 72 అయింది ఒకరికి, 60, 12 అయింది ఇంకొకరికి. ఎవరిది తప్పు అని నా దగ్గరకు వచ్చారు. ఎవరిదీ కాదు. జతకూ జతకూ మధ్య ఊపిరి పీల్చుకునేంత విరామం ఇవ్వకపోతే ఫ్రెంచివాళ్లే పొరబడతారు. అప్పుడు పిల్లలే ఒక ఉపాయం కనిపెట్టారు: రాసుకుంటున్నవారు ఎన్ని జతలు అయ్యాయో వేళ్లతో లెక్కపెట్టుకుంటే, ఆరో జత వచ్చిందంటే ఎక్కడో 95ను విరగ్గొట్టినట్టే. నేను చెప్పి ఉంటే మరుసటి రోజుకు మరిచిపోయి ఉండేవారు.

ఇంత తిరకాసు లెక్క ఎందుకని అడిగినప్పుడు, ఇరవైలతో లెక్కపెట్టే పాత పద్ధతి అవశేషం ఇది అని చెప్పాను. పారిస్‌లో "కాఁజ్-వాఁ" అనే కంటి ఆసుపత్రి నేటికీ ఉంది. ఆ పేరుకు "పదిహేను ఇరవైలు" అని అర్థం. 13వ శతాబ్దంలో తొమ్మిదో లూయీ రాజు మూడువందల మంది అంధుల కోసం స్థాపించిన ఆశ్రయం అది. బెల్జియంలోనూ స్విట్జర్లండులోనూ 70కి "సెప్తాఁత్", 90కి "నొనాఁత్" అని సూటి మాటలే ఉన్నాయని చెప్పగానే, తరగతి మొత్తం బెల్జియానికి వలస పోతామని ప్రకటించింది. మూడో రోజు పది అంకెలూ సరిగ్గా రాసినవారు 22 మంది.

జూన్ 26, 28, 30: సెలవుల్లో ఏం చేశారు?

"పాసే కోఁపోజే" అనే భూతకాల రూపాన్ని పుస్తకంలో చదివి, సూత్రాలు కంఠతా పట్టినవారే అందరూ. కొన్ని క్రియలకు "అవ్వార్" సహాయక్రియ, వెళ్లడం, రావడం వంటివాటికి "ఎత్ర్". దాన్ని బతికించడానికి వేసవి సెలవుల కన్నా మంచి సరుకు లేదు. ఒక్కొక్కరూ ఇంట్లోంచి ఒక వస్తువు సంచీలో దాచి తేవాలి, అది సెలవులకు సంబంధించినదై ఉండాలి. మిగిలినవారు ఫ్రెంచిలో ప్రశ్నలు అడిగి అదేమిటో కనుక్కోవాలి. ఏముందో తెచ్చినవారికి తప్ప ఎవరికీ తెలియదు గనుక ఇక్కడ నా షరతు నిలబడింది.

రైలు టికెట్లు వచ్చాయి, గోదావరి ఇసుక సీసాలో వచ్చింది, ఈత కొలను పాసు వచ్చింది. ఒక అబ్బాయి చిన్న జాడీ తెచ్చాడు. మూత తీయకముందే వాసన గుట్టు రట్టు చేసింది కాబట్టి ఆట అక్కడితో ఆగిపోయి, అసలు పాఠం మొదలైంది. వాళ్ల అమ్మమ్మ గారు భీమవరంలో కలిపిన ఆవకాయ అది. "అమ్మమ్మ ఆవకాయ పెట్టింది" అని ఫ్రెంచిలో చెప్పాలి. వాక్యం బాగానే వచ్చింది. ఆవకాయ అచ్చుతో మొదలవుతుంది కాబట్టి దాని ముందు "ల్" అనే కుదించిన ఉపపదం (ఇంగ్లీషు "the" లాంటిది) వచ్చి "లావకాయ" అయింది. ఆ కుదింపులో మాట స్త్రీలింగమో పుంలింగమో తెలియదు, దాక్కుంటుంది. కానీ "కారంగా ఉంది" అనాలంటే ఇక దాక్కోవడం కుదరదు: "పికాఁ" అనాలా, "పికాఁత్" అనాలా?

పదిహేను నిమిషాలు వాదించుకున్నారు. పరభాషా పదాలు ఫ్రెంచిలోకి వస్తే ఎక్కువగా పుంలింగమవుతాయని ఒక పక్షానికి నేను మద్దతు ఇచ్చాను. "పిజ్జా" స్త్రీలింగం కదా మేడమ్ అని రెండో పక్షం నన్నే పట్టుకుంది. అకారంతో ముగిసిన మాట చెవికి ఆడమాటలాగే వినబడుతోందని ఒకరు, పచ్చడికి ఫ్రెంచిలో ఏ లింగమైతే దానికీ అదే రావాలని ఇంకొకరు. జాడీ తెచ్చిన అబ్బాయి మాత్రం "మా అమ్మమ్మ చేసింది కాబట్టి పికాఁత్" అని తేల్చేశాడు. అది వ్యాకరణం కాదని నాకు తెలుసు. చేతులెత్తించి చూస్తే 19 మంది స్త్రీలింగమన్నారు. ఫ్రెంచి నిఘంటువుల్లో ఆవకాయ చేరేదాకా మా తరగతిలో అది స్త్రీలింగమే. తకారం పలికే ఆ తేడాను, పట్టీ రోజున మొదలుపెట్టిన దాన్నే, ఇంత శ్రద్ధగా ఎవరూ ఎప్పుడూ పలకలేదు.

శుక్రవారం నాడు అమ్మమ్మకో తాతయ్యకో ఐదు వాక్యాల కార్డు రాయించాను. అక్కడ ఇంకో చిక్కు ఎదురైంది. "త్యూ", "వూ" అనేవి మన "నువ్వు", "మీరు"లకు సరిపోతాయని ఆరో తరగతిలోనే చెప్పి ఉంచారు. ఇంగ్లీషు మాతృభాష అయిన పిల్లలకు ఈ భేదం నేర్పడానికి వారం పడుతుందని అంటారు, మన పిల్లలకు నిమిషం చాలు. కానీ గీత గీసే చోటు వేరు. ఫ్రాన్సులో నేడు ఎక్కువ ఇళ్లలో మనవలు తాతను "త్యూ" అంటారు. అక్కడ "వూ" అనేది పరాయితనానికి గుర్తు. మన ఇళ్లలో అమ్మను "నువ్వు" అనే పిల్లలే నాన్నను "మీరు" అంటారు. "తాతయ్యను త్యూ అంటే మా అమ్మ ఊరుకోదు మేడమ్" అన్నాడు ఒకడు. పరీక్షలో "త్యూ" రాయమనీ, కార్డులో "వూ" ఉంచుకోమనీ చెప్పాను. తప్పో ఒప్పో, ఆ కార్డు చేరేది ఫ్రాన్సుకు కాదు, జగిత్యాలకు.

ఈ వారంతో బోర్డు మీద తెలుగు రాత ఆపేశాను. ఇద్దరు నోటు పుస్తకంలో చాటుగా రాసుకుంటూనే ఉన్నారు, చూడనట్టు ఊరుకున్నాను.

జూలై 3 నుంచి 12 వరకు: మూసారాంబాగ్ దొర

మా బడి పిల్లల్లో సగం మంది దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట వైపు నుంచి వస్తారు. రోజూ మూసారాంబాగ్ మెట్రో స్టేషను దాటి వచ్చేవారిలో ఒక్కరికీ ఆ పేరులో ఫ్రెంచివాడు ఉన్నాడని తెలియదు. నిజాం అలీ ఖాన్ కొలువులో సేనలు నడిపిన మిషెల్ జోకిమ్ మారీ రేమండ్ 1755లో ఫ్రాన్సు నైరుతిన గాస్కొనీలో పుట్టి, 1798లో హైదరాబాదులో మరణించాడు. "మొసియె రేమోఁ", అంటే రేమండ్ గారు, అనే పేరును జనం తమ నోటికి తగ్గట్టు మలచుకొని ముస్లింలు మూసా రహీం అనీ, హిందువులు మూసా రామ్ అనీ పిలుచుకున్నారని చెబుతారు. గన్‌ఫౌండ్రీ ఆయన నడిపిన ఫిరంగుల కార్ఖానా, అస్మాన్‌గఢ్ గుట్ట మీది రాతి స్తంభం ఆయన సమాధి.

సమాధి దగ్గరకు తరగతిని తీసుకువెళ్లాలని అడిగాను. బస్సు, అనుమతి పత్రాలు కుదరలేదు. మూడు కుటుంబాలు ఆదివారం సొంతంగా వెళ్లి ఫొటోలు తెచ్చాయి. వాటిని గోడకు అంటించి కృత్యం మొదలుపెట్టాను: "దు వెరితే, అఁ మాఁసోఁజ్", అంటే రెండు నిజాలు, ఒక అబద్ధం. నలుగురేసి జట్లుగా చేరి రేమండ్ గురించి మూడు వాక్యాలు ఫ్రెంచిలో తయారుచేయాలి, చదివి వినిపించాలి, అబద్ధమేదో వినేవారు పట్టుకోవాలి. తేలిన చివరి జట్టులో ముగ్గురే.

మొదటి రోజు అబద్ధాలు నాసిగా ఉన్నాయి. "రేమండ్ చార్మినారు కట్టించాడు" అంటే ఎవరు నమ్ముతారు, చార్మినారు 1591 నాటిదని రెండో తరగతి పిల్లలకూ తెలుసు. "పారిస్‌లో పుట్టాడు" అన్నది కొంచెం నయం. రెండో రోజు ఒక జట్టు అసలు కీలకం పట్టుకుంది: ఆయన మరణించిన సంవత్సరాన్ని 1798కి బదులు 1778 అని చదివింది. ఒకటి "కాత్ర్-వాఁ-దీజ్-ఉయిత్"తో ముగుస్తుంది, ఇంకొకటి "స్వసాఁత్-దీజ్-ఉయిత్"తో. తోకలు రెండూ ఒకటే. గదిలో సగం మంది మోసపోయారు. ఫోను నంబర్ల నాడు వేళ్లు లెక్కపెట్టినవాళ్లు మాత్రం మోసపోలేదు. ఆ తర్వాత అన్ని జట్లూ తమ అబద్ధాలను అంకెల్లోనే దాచసాగాయి, అందరూ ఊపిరి బిగబట్టి వినసాగారు. నేను ఈ ప్రాజెక్టులో కోరుకున్నది ఆ నిశ్శబ్దమే.

ఇక్కడే రేఫ, అంటే రకారం, సంగతి కూడా తేలింది. ఫ్రెంచి రేఫ నాలుక కొసన కాక గొంతు లోపల పుడుతుంది. రెండేళ్లుగా "పుక్కిలించండి" అని చెప్పి విసిగిపోయాను. "మూసారాంబాగ్" అనే మాటను తరగతిలో ఉర్దూ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన ఐదుగురు పలికినప్పుడు, "బాగ్" చివర వచ్చే ఉర్దూ గకారం ఫ్రెంచి రేఫకు పక్కింటి చుట్టమని చెవికి తగిలింది. ఆ ఐదుగురినీ తలా ఒక జట్టుకు రేఫ గురువులుగా పంపాను. "బాగ్" అని ఉర్దూలో పలికిస్తూ, దాన్ని మెల్లగా "రేమోఁ" వైపు జరిపిస్తూ వాళ్లు పది నిమిషాల్లో చేయించిన పనిని నేను రెండేళ్లలో చేయించలేకపోయాను.

జూలై 14, శుక్రవారం

జూలై 13న పరీక్షల సర్దుబాటులో పీరియడు పోయింది. ఈ రోజు ఫ్రాన్సు జాతీయ దినం. పారిస్ కవాతులో మన త్రివిధ దళాల బృందం నడుస్తోందనీ, మన ప్రధాని ముఖ్య అతిథి అనీ పిల్లలే వచ్చి చెప్పారు. చెప్పింది తెలుగులో, నేను ఎదురు ప్రశ్నలు ఫ్రెంచిలో అడిగాను, సమాధానాలు సగం ఫ్రెంచిలో వచ్చాయి. కవాతు మన గడియారం ప్రకారం మధ్యాహ్నం కాబట్టి సాయంత్రం ఇంట్లో చూడమని వదిలేశాను.

లెక్క చూసుకున్నాను. అడగకుండా తమంతట తాము లేచి రెండు వాక్యాలకు తక్కువ కాకుండా ఈ వారంలో మాట్లాడినవారు 31 మందిలో 18 మంది. ఏడుగురు అడిగితే మాట్లాడుతున్నారు. ఆరుగురు ఇంకా బల్లలే చదువుతున్నారు. ఆ ఆరుగురిలో నలుగురు ఈ ఏడాదే కొత్తగా చేరినవారు. పాతవాళ్లంతా ఒకరినొకరు ఎరిగినవాళ్లు కాబట్టి వీళ్లు భాషకు ముందు మనుషులకు అలవాటు పడాలి. నా ఐదు కృత్యాల్లో ఆ ఆలోచనతో చేసింది ఒక్కటీ లేదు. వచ్చే ఏడాది మొదటి వారంలో చీటీల ఆటను కొత్త పిల్లలకు ఒంటరి చీటీ ఇవ్వకుండా, ఒక్కొక్కరికీ ఒక పాత విద్యార్థి జతగా వచ్చేలా కూర్చాలి.

ఐదు కృత్యాలూ అయ్యాక ముగింపుగా ఒక ఉత్తరం. ఏడాది తర్వాత పదో తరగతి రాఁత్రే నాడు తెరిచి చదువుకోవడానికి ఎవరికి వారే ఎనిమిది వాక్యాలు ఫ్రెంచిలో రాసి, కవరులో పెట్టి అంటించాలి. నేను చదవను, దిద్దను. దాచడానికి ఇంట్లోంచి ఖాళీ బిస్కెట్ల డబ్బా తెచ్చాను. గది నిజంగా రాతలో మునిగిన వేళ, తాతయ్యకు "వూ" అని కార్డు రాసినవాడు నా బల్ల దగ్గరకు వచ్చి మెల్లగా అడిగాడు: "మేడమ్, వచ్చే ఏడాది నేను ఇప్పటి నాకంటే పెద్దవాణ్ని కదా, నన్ను త్యూ అనాలా, వూ అనాలా?"

"త్యూ" అన్నాను. అప్పటికే కవరు మీద "వూ" అని రాసేశాడట. కొట్టివేయవద్దని చెప్పి, అలాగే డబ్బాలో వేయించాను.